పీఎఫ్ అనుకున్న పైసలు పన్నుల ఖాతాల ఉన్నయ్

మా పక్కింటి పిల్లగాడు డిగ్రీ జేసిండు. మండల కేంద్రంల ఒక ఆఫీసుల ఔట్‌సోర్సింగ్ కింద కంప్యూటర్ ఆపరేటర్. జీతం 18 వేలు అని చెప్పి పెట్టుకున్నరు. చేతికొచ్చేది మాత్రం 16,200. మిగిలిన 1,800 ఏమైతున్నయిరా అని అడిగితే, "పీఎఫ్ అన్నా, ఎప్పుడో ఒకప్పుడు వస్తయి" అన్నడు. రెండేండ్ల సంది గట్లనే అనుకుంటుండు.

మొన్న జులైల బైక్ లోన్ కోసం పోతే ఆదాయం కాగితం అడిగిన్రు. ఒక నెట్ సెంటర్ల కూసొని పాన్ నంబర్ కొట్టి చూస్తే తెలిసింది, ఆ 1,800 పీఎఫ్ కాదు, టీడీఎస్. అంటే ఇన్‌కంటాక్స్ ముందుగాలనే కోసి ఢిల్లీ ఖాతాల ఏసిన్రు. ఏడాదికి 21,600. ఆ సెంటరాయన "నేను ఇడిపిస్త, 1,500 ఫీజు, వచ్చిన దాంట్ల 20 శాతం" అన్నడట. లెక్క కడితే 5,820 రూపాయలు. పిల్లగాడు సంబురంగ ఒప్పుకొని, ఆధార్ తెచ్చుకుందామని ఇంటికొచ్చిండు. అప్పుడు నాకు జెప్పిండు కాబట్టి ఆగింది.

ఆయన ఒక్కడే కాదు తమ్ముళ్లు. పట్నంల డెలివరీ బండి తోలేటోనికి, జేసీబీ కిరాయికి తిప్పేటోనికి, ప్రైవేట్ స్కూల్ల పాఠం చెప్పే చెల్లెకు, ప్రాజెక్టు కింద భూమి పోతే వచ్చిన పైసలు బ్యాంకుల ఎఫ్‌డీ ఏసుకున్న ముసలాయనకు, అందరికీ ఎక్కడో ఒకకాడ టీడీఎస్ కోత పడుతనే ఉంటది. కాంట్రాక్టు పని అని రాస్తే నూటికి 1 రూపాయి. ప్రొఫెషనల్ ఫీజు అని రాస్తే నూటికి 10. బ్యాంకు వడ్డీ ఏడాదికి పరిమితి దాటితే అండ్ల నుంచి 10. పాన్ ఇయ్యకపోతే, ఇచ్చినా ఆధార్‌తోని లింక్ లేక పనిజెయ్యకుండ పడి ఉంటే, ఏకంగ 20. గీళ్లల్ల చాలామంది ఒక్క రూపాయి పన్ను కట్టాల్సిన ఆదాయం ఉన్నోళ్లు కాదు. 2024-25 ఆర్థిక సంవత్సరానికి కొత్త పద్ధతిల 3 లక్షల దాకా పన్నే లేదు. రిబేటుతోని 7 లక్షల దాకా కట్టేది సున్న.

అసలు గండం ఇక్కడనే ఉంది. టీవీలల్ల "12 లక్షల దాకా టాక్స్ లేదు" అని ఊదరగొట్టిన్రు. అది 2025-26 ఆదాయం సంగతి, 2024-25 ఆదాయం మీద వేసే రిటర్న్‌కు కాదు. మనోళ్లు మాత్రం "పన్నే లేనప్పుడు రిటర్న్ ఎందుకు" అని చేతులు దులుపుకుంటున్నరు. పన్ను లేదంటే కోసిన పైసలు వాటంతట అవి వాపస్ రావు. నా పైసలు నాకియ్యి అని నువ్వు రాసి అడగాలె. ఆ అడుగుడు పేరే రిటర్న్. లెక్కలు అప్పజెప్పే కాగితం లెక్క అందరు దాన్ని జూస్తరు గని, పేదోనికి అది బాకీ వసూలు చీటీ.

గీ బాకీని అడగనియ్యకుండ జేసే పని ఒకటి 2025ల కొంచెంల తప్పింది. 1961 నాటి ఇన్‌కంటాక్స్ చట్టం తీసేసి కొత్తది పెడుతమని ఫిబ్రవరి 13న లోక్‌సభల బిల్లు పెట్టిన్రు. అండ్ల ఒక మూలకు ఒక మాట ఉండె: గడువు లోపల రిటర్న్ ఏస్తేనే రీఫండ్. అంటే ఒక్క రోజు ఆలస్యమైతే నీ 21,600 గంగల కలిసినట్టే. కోట్ల వ్యాపారం జేసేటోనికి ఆడిటర్ ఉంటడు, తారీఖు మర్చిపోడు. మర్చిపోయేది ఎవరు? బైజయంత్ పాండా అధ్యక్షతన ఉన్న సెలెక్ట్ కమిటీ జులైల ఇచ్చిన రిపోర్టుల ఆ మాట తీసేయమన్నది. ఆగస్టుల పాత బిల్లు వాపస్ తీసుకొని, అది తీసేసి కొత్త బిల్లు పెట్టిన్రు. ఆగస్టు 11న లోక్‌సభల, 12న రాజ్యసభల పాసైంది. 1961 నాటి చట్టం మారితే లోక్‌సభల గొడవ నడుమ చర్చ లేకుండనే పాస్ జేసిన్రు, అది వేరే కథ. 21న రాష్ట్రపతి సంతకం అయింది, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఆ ఒక్క మాట ఉండిపోతే ఎంతమంది కూలి పైసలు చప్పుడు లేకుండ ఖజానాల ఉండిపోయేవో ఆలోచన జెయ్యున్రి. మన ఊర్లల్ల ఒక్క ధర్నా కాలేదు. కావాలన్నా ఎట్ల అయితది, సంగతే తెల్వకపాయె.

ఇగ ఫీజు ముచ్చటకొద్దాం. రిటర్న్ ఏసుడుకు సర్కారు ఒక్క పైస తీసుకోదు. ఇన్‌కంటాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే సైటుల పాన్ నంబర్‌తోని ఖాతా తెరుసుడు ఉచితం, ఫారం ఉచితం, ఆధార్ ఓటీపీతోని వెరిఫై జేసుడు ఉచితం. మన పేరు, జీతం, వడ్డీ, కోత, చాలావరకు ముందే నింపి ఉంటయి. సెంటర్ల కూసొని ఎవరన్న సాయం జేస్తే కష్టానికి కూలి తీసుకొనుడు తప్పు కాదు, కరెంటు బిల్లు ఆయనా కట్టాలె. గని రీఫండ్ల వాటా అడుగుడు కూలి కాదు. తెల్వనితనం మీద వడ్డీ.

నేను ఇంటర్ నడుమల ఆపినోన్ని. మొదటిసారి సొంతంగ ఏసినప్పుడు మూడు రాత్రులు పట్టింది. ఒకసారి తప్పు ఫారం తీసుకున్న. ఇంకోసారి అంతా నింపి వెరిఫై జేసుడు మర్చిపోయిన. 30 రోజుల్ల వెరిఫై జెయ్యకపోతే ఏసినా ఏయనట్టే అని అప్పుడు తెల్సింది. ఇప్పుడు ఒక గంట పని. పిల్లగాన్ని పక్కన కూసోబెట్టుకొని ఆయన ఫోన్లనే మొదలుపెట్టినం.

ఫారం తెరిసే ముందు రెండు కాగితాలు సూడాలె. ఒకటి 26ఏఎస్, ఇంకోటి ఏఐఎస్. రెండూ ఆ సైటులనే దొరుకుతయి. ఎవరు నీ పేరు మీద ఎంత ఇచ్చిన్రు, ఎంత కోసిన్రు, ఏ సెక్షన్ కింద కోసిన్రు, అన్నీ అండ్ల ఉంటయి. మా పిల్లగాని దాంట్ల 194జే అని ఉంది. నేను ఆ నంబర్ కాడ చానాసేపు ఆగిన.

ఎందుకంటే 1961 చట్టం కింద జీతం మీద కోస్తే 192 అని ఉంటది. 194జే అంటే ప్రొఫెషనల్ ఫీజు, డాక్టర్లకు, లాయర్లకు ఇచ్చే లెక్క. పొద్దున పదింటికి హాజరు ఏసి, సారు చెప్పిన పని జేసి, సెలవు కావాలంటే బతిమాలుకునే పిల్లగాడు కాగితం మీద మాత్రం సొంత ఆఫీసు పెట్టుకున్న పెద్ద ప్రొఫెషనల్! ఉద్యోగి అని రాస్తే పీఎఫ్, ఈఎస్ఐ బాధ్యత ఏజెన్సీ నెత్తిన పడుతది. ఈఎస్ఐకి జీతం పరిమితి 21 వేలు, మావోనిది 18. ఫీజు అని రాస్తే ఏ బాధ్యతా లేదు. పీఎఫ్ పడుతుందని ఆయన అనుకున్న 1,800 వెనుక అసలు పీఎఫ్ ఖాతానే లేదు. కాబట్టి చెల్లెలారా, తమ్ముళ్లారా, రీఫండ్ రాకపోయినా సరే, ఒక్కసారి 26ఏఎస్ తీసి సూడున్రి. నిన్ను పనోనిగ లెక్కబెట్టిన్రా లేదా అనేది ఏజెన్సీ తన చేతితోనే రాసిచ్చిన సాక్ష్యం అది. లేబర్ ఆఫీసుల నోటి మాట కన్నా గీ కాగితం గట్టిగ మాట్లాడుతది.

194జే ఉంటే జీతగాళ్ల ఫారం ఐటీఆర్-1 కుదరదు. మేము ఐటీఆర్-4 తీసుకున్నం. అండ్ల వచ్చిన దాంట్ల ఇంత శాతమే లాభం అని తక్కువ చూపే వెసులుబాటు ఉంటది. మాకు దాంతోని పని పడలేదు. వచ్చిన 2,16,000 మొత్తం ఆదాయమనే రాసినం. అయినా 3 లక్షల లోపలనే ఉంది, పన్ను సున్న. డెలివరీ తమ్ముళ్లకు కూడ ఎక్కువగ ఐటీఆర్-4నే. కమీషన్ మీద బతికేటోళ్లు మాత్రం జాగ్రత్త, వాళ్లకు ఆ శాతం లెక్క వర్తించదు. అసుంటి కాడ తెలిసినోన్ని అడుగుడే మంచిది, అప్పుడు ఫీజు ఇచ్చినా దండుగ కాదు. బ్యాంకు ఖాతా సైటుల వాలిడేట్ జెయ్యాలె, లేకుంటే రీఫండ్ గాలిల తిరుగుతది. ఆధార్‌కు ఫోన్ నంబర్ లింక్ ఉండాలె, పాన్‌కు ఆధార్ లింక్ ఉండాలె. అంతే.

ఒక్క మాట గట్టిగ చెప్తున్న. ఎవరితోని ఏపిచ్చినా సరే, ఖాతాల ఫోన్ నంబర్, మెయిల్ నీదే ఉండాలె. చాలామంది ఏజెంట్లు వాళ్ల నంబర్ పెడతరు. నోటీసు వస్తే వాని మెయిల్‌కు పోతది, జరిమానా నీ ఇంటికొస్తది. "ఎక్కువ రీఫండ్ తెస్త" అనేటోన్ని అయితే గడప కూడ ఎక్కనియ్యొద్దు. లేని ఇంటి కిరాయి, కట్టని ఇన్సూరెన్స్, పార్టీకి ఇయ్యని చందా రాసి పైసలు తెస్తడు, వాటా తీసుకొని మాయమైతడు. 2025 జులై 14న దేశంల 150 చోట్ల ఇన్‌కంటాక్సోళ్లు గీ పని మీదనే సోదాలు జేసిన్రు. అంతకుముందు నాలుగు నెలల్లనే 40 వేల మంది దాక తప్పుడు లెక్కలు వాపస్ తీసుకున్నరని, అవి 1,045 కోట్లని వాళ్లే చెప్పిన్రు. దొరికితే ఎగ్గొట్టిన పన్ను మీద 200 శాతం దాక జరిమానా. సంతకం నీది, ఏజెంటుది కాదు.

సర్కారును కూడ ఇడిసిపెట్టేది లేదు. పైసలు కోసేటప్పుడు మనకు చెప్పకుండనే కంప్యూటర్ కోస్తది. వాపస్ ఇయ్యాల్నంటే మాత్రం మనం ఇంగ్లీషు నేర్సుకొని, ఫారం నంబర్లు తెలుసుకొని, తారీఖులు గుర్తుంచుకొని పోవాలె. సైటు ముందర తెలుగు ఉన్నా, లోపలికి పోంగపోంగ ఇంగ్లీషే ఎదురైతది. 2006ల టాక్స్ రిటర్న్ ప్రిపేరర్ అని ఒక స్కీం తెచ్చిన్రు. డిగ్రీ పిల్లలకు శిక్షణ ఇచ్చి ఊర్లల్లకు పంపాలె, ఫీజు 250కి మించొద్దు. మంచి ఆలోచన. మా మండలంల ఒక్కడంటే ఒక్కడు కానరాలేదు. డిగ్రీ కాలేజీలల్ల కామర్స్ పిల్లలు మస్తుగ ఉన్నరు. జులైల రెండు వారాలు ఒక బల్ల ఏసి కూసోబెడితే వాళ్లకు పని వస్తది, ఊరికి పైసలొస్తయి. కోసినోళ్లు మూడు నెలలకోసారి 16ఏ అనే సర్టిఫికెట్ ఇయ్యాలని రూల్ ఉంది. పిల్లగాడు అడిగితే ఏజెన్సీ సూపర్‌వైజర్ "అదేంది" అన్నడట.

2025ల జులై 31 గడువును సెప్టెంబర్ 15కు జరిపిన్రు.  గడువు దాటితే డిసెంబర్ 31 దాక ఆలస్యంగనైనా ఏసుకోవచ్చు. ఆదాయం పన్ను పరిమితి లోపల ఉంటే లేట్ ఫీజు లేదు, 5 లక్షల లోపల ఉంటే వెయ్యి, మించితే 5 వేలు. అనుమానం ఉంటే 1800 103 0025కు కొట్టున్రి, కాల్ ఉచితమే. లైన్ దొరకాలంటే ఓపిక పట్టాలె.

మా పిల్లగానిది జులై ఆఖర్ల ఏసినం. ఆగస్టుల పడ్డయి. 21,600 కాదు, 22,140. ఆ 540 వడ్డీ. గడువుల ఏస్తే ఏప్రిల్ నుంచి నెలకు అర శాతం లెక్కన సర్కారు మనకు వడ్డీ కడుతది. "సర్కారు నాకు వడ్డీ కట్టిందా అన్నా" అని మూడుసార్లు అడిగిండు.

అంతకుముందు ఏడుది ఇంకా తెగలేదు. 2023 జూన్ల చేరిండు, పది నెలలకు 18 వేలు కోసిన్రు. ఆ రిటర్న్ గడువు ఎప్పుడో దాటింది. అప్‌డేటెడ్ రిటర్న్ అని ఒకటుంది గని దాంతోని రీఫండ్ అడగరాదు. ఐదేండ్ల లోపలైతే ఆలస్యాన్ని మన్నించుమని సైటులనే దరఖాస్తు పెట్టుకోవచ్చు, కారణం రాయాలె. ఏం రాద్దామన్నా అంటే, ఉన్నదే రాయి అన్న. "నా జీతంల కోత పీఎఫ్ అనుకున్న, టాక్స్ అని ఎవరూ చెప్పలేదు" అని రాసిండు. ఇంకా పెండింగ్ అనే చూపెడుతుంది. పొద్దున లేవంగనే ఫోన్ల అదే సూస్తుండు.