తాళపుచెవి యెవరి చేత?
ఫోనులందలి రహస్యములను గాపాడుటకు ఆర్మ్ ప్రాసెసరులలో ట్రస్ట్‌జోన్ అను ప్రత్యేకపు గది గలదు. అందు నడచు సాఫ్టువేరులలో ఆప్‌-టీ యొక్క సోర్సుకోడు 2014లో లోకమునకు వెల్లడియయ్యెను. కాని గది యున్నంతమాత్రమున రక్షణ కలుగదు. యంత్రమును మేల్కొలుపు బూట్‌లోడరు లినక్సుకంటె ముందుగా ఆప్‌-టీని బ్రవేశపెట్టవలెను. దానికొఱకు మెమరీలో కొంత భాగమును బ్రత్యేకింపవలెను. ఆ సంగతి డివైస్‌ట్రీలో వ్రాసిన నది లినక్సునకు నోటీసు మాత్రమే. కాగితముమీఁది హద్దు చాలదు, హార్డువేరు కంచెయు వలయును. ప్రతి ఘట్టమునను రాఁబోవు కోడు సంతకమును బరీక్షింపవలెను. ఒక్క పరీక్ష మానినను తక్కినవన్నియు వ్యర్థములే.

ఇంతకును ఆ సంతకము చేయువాఁడెవఁడు? చిప్పులో తయారీదారుని ముద్ర యొక్కటియే చెల్లునేని, విలువ యిచ్చి కొన్న యజమాని తన సొత్తునందే కౌలుదారుఁడగును. రక్షణమును మేమును గోరుచున్నాము. కాని తాళపుచెవి యజమాని చేత నుండవలెనని మా దృఢాభిప్రాయము.