‘ఎర్రగడ్డ’ జోకు ఆపండి.. రూమ్మేట్‌ని గమనించండి

జాతరలో అమ్మే ప్లాస్టిక్ ముఖం మాస్కు ఒకటి తీసుకోండి. దాన్ని వెనక్కి తిప్పి, గుంటగా ఉన్న వైపును కాస్త దూరం నుంచి, ఒక కన్ను మూసి చూడండి. లోపలికి పోయిన ముక్కు బయటికి పొడుచుకొచ్చినట్టే కనిపిస్తుంది. అది గుంట అని మీకు తెలుసు. అయినా కన్ను మాట వినదు. ఎందుకంటే చూసేది కన్ను ఒక్కటే కాదు. పుట్టినప్పటి నుంచీ ముఖాలు చూస్తూ వచ్చిన మెదడు, ‘ముక్కు ముందుకే ఉంటుంది’ అని ముందే తీర్మానించేస్తుంది.

స్కిజోఫ్రెనియా ఉన్నవారిలో చాలామంది ఈ మాయలో అంత తేలిగ్గా పడరు. 2009లో జర్మనీ, బ్రిటన్ పరిశోధకులు ఎఫ్‌ఎంఆర్‌ఐ స్కానర్‌లో పడుకోబెట్టి ఇలాంటి ముఖాలే చూపించారు. జబ్బు లేనివారిలో మెదడు పైస్థాయి భాగాల నుంచి చూపును విశ్లేషించే భాగాలకు వెళ్లే సంకేతాలు బలపడ్డాయి. జబ్బు ఉన్నవారిలో అలా బలపడలేదు. వెలుగునీడల తేడాను పసిగట్టడం, చిన్న చిన్న గీతలను కలిపి ఒక ఆకారంగా చూడటం లాంటి పనుల్లోనూ తేడాలు కనిపించాయి. సైకోసిస్ తొలిదశలో ఉన్నవారిలోనూ వీటిలో కొన్ని బయటపడ్డాయి.

ఇదంతా మనకెందుకు అంటారా? సైకోసిస్ తొలిసారి బయటపడేది ఎక్కువగా టీనేజీ చివర్లో, ఇరవైల్లో. అంటే బీటెక్ చదివే వయసు, గ్రూప్స్‌కి ప్రిపేరయ్యే వయసు. మీ రూమ్మేట్ వయసు.

వాడు కొన్ని వారాలుగా నిద్రపోవట్లేదు. స్నానం మానేశాడు. లైటు వెలుతురు గుచ్చుకుంటోందంటున్నాడు. ఎవరో తనని గమనిస్తున్నారంటున్నాడు. ఎవరూ లేనిచోట మాటలు వినిపిస్తున్నాయంటున్నాడు. అప్పుడు మన దగ్గర వచ్చే జవాబులు మూడు. ‘బద్ధకం’. ‘గాలి సోకింది’. ‘వీణ్ని ఎర్రగడ్డకు పంపాలిరా’. నన్నడిగితే మూడోదే ఎక్కువ చెడ్డది. నవ్వులపాలవుతానని తెలిసినవాడు ఇక నోరు విప్పడు. వైద్యం ఆలస్యమయ్యేకొద్దీ కోలుకోవడం కష్టమవుతుంది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ప్యాట్రిక్ మెక్‌గోరీ బృందం 1990ల్లోనే యువత కోసం తొలిదశ వైద్యసేవలు మొదలుపెట్టింది అందుకే. 1984లో చెన్నైలో పుట్టిన స్కార్ఫ్ సంస్థ కూడా ఈ దిశలో పనిచేస్తోంది.

ఒక్క హెచ్చరిక. మాస్కు ఆటతోనో, మెదడు స్కాన్‌తోనో ఒక మనిషికి సైకోసిస్ ఉందని తేల్చలేం. పై తేడాలు గుంపుల సగటులో కనిపించినవి. పరీక్షల ముందు రెండు రాత్రులు నిద్ర పట్టకపోతే అది జబ్బు కాదు. తేల్చాల్సింది సైకియాట్రిస్టు.

మరి మీరేం చేయాలి? ‘అదంతా నీ భ్రమరా’ అని వాదించకండి. వాడి మెదడు వాడికి నిజంగానే అలా చూపిస్తోంది, వినిపిస్తోంది. అలాగని ‘అవును, నిజమే’ అని తలూపనూ వద్దు. ‘నీకు భయంగా ఉందని అర్థమవుతోంది, డాక్టర్ దగ్గరికి నేనూ వస్తా’ అనండి. ఇంట్లోవాళ్లకు చెప్పండి. గంజాయి అలవాటుంటే డాక్టర్ దగ్గర దాచొద్దనండి, అది ముప్పును పెంచుతుంది. ఎటు వెళ్లాలో తెలియకపోతే 14416కి ఫోన్ చేయండి. ఇది కేంద్రం 2022లో ప్రారంభించిన టెలీ మానస్. ఉచితం, తెలుగులోనూ మాట్లాడొచ్చు. చచ్చిపోతాననే మాట వస్తే మాత్రం ఒంటరిగా వదలకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

‘ఈ సంగతి బయటపడితే కెరీర్ పోదా?’ అన్నది అసలు భయం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలి. బీమాలో శారీరక జబ్బులతో సమానంగా చూడాలి. వైద్యంతో కోలుకుని చదువు పూర్తిచేసినవాళ్లు, ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు ఉన్నారు. ఒక సెమిస్టర్ పోతే మళ్లీ రాసుకోవచ్చు. వైద్యం లేకుండా గడిచిన రెండేళ్లను మాత్రం ఏ సప్లిమెంటరీ తిరిగివ్వదు.

కాలు విరిగిన దోస్తును మోసుకెళ్తాం కదా. ఇక్కడ మోయాల్సిన పని కూడా లేదు. పక్కన నడిస్తే చాలు.