నలభైకి ఎనిమిది తక్కువ

ఒకే మనిషి, ఒకే జబ్బు. పింఛను దగ్గర "నీకేం, బాగానే ఉన్నావు కదా" అంటారు. బీమా దగ్గర "మీకు జబ్బుంది కదా" అంటారు. ఇద్దరూ చూసేవి అవే రిపోర్టులు! ఈ రెండు మాటలూ మా పెద్దమ్మ ఒకే ఏడాదిలో వినింది.

మా పెద్దమ్మది శ్రీకాళహస్తి. ముప్పై ఏళ్ళు కలంకారీ పని చేసింది. మా ఊరి కలంకారీలో అచ్చులుండవు, అంతా చేత్తో గీయడమే. వెదురు కలానికి చుట్టిన ఉన్నినో గుడ్డనో వేళ్ళతో నొక్కుతూ ఉంటే రంగు దిగుతుంది. ఎంత నొక్కితే అంత గీత. ఏడేళ్ళ కిందట ఆ వేళ్ళకే కీళ్ళవాతం వచ్చింది (రుమటాయిడ్ ఆర్థరైటిస్). వయసుతో వచ్చే మోకాళ్ళ నొప్పి కాదిది, ఒంట్లో రోగాన్ని అడ్డుకోవాల్సిన వ్యవస్థే కీళ్ళ మీద పడే జబ్బు. తెల్లవారుజామున వేళ్ళు కట్టెల్లా బిగుసుకుంటాయి, కాఫీ గ్లాసు కూడా పట్టుకోలేదు. పొద్దెక్కేకొద్దీ కాస్త సడలుతాయి.

ఇక్కడే ఉంది అసలు చిక్కు. సదరం క్యాంపులో పెద్దమ్మ వంతు వచ్చేసరికి పదకొండున్నర. ముప్పై రెండు శాతం అని రాశారు. నలభై ఉంటేగానీ పింఛను లేదు.

"తెల్లారి ఐదుగంటలకొచ్చి చూడమను నాయనా, అప్పుడు తెలస్తాది" అనింది పెద్దమ్మ.

నేను డాక్టర్లను తప్పుపట్టడం లేదు. వాళ్ళ ముందున్న కొలతలు అవే. కీలు ఎంత వంగుతోంది, కండరంలో బలమెంత, అన్నం కలుపుకుని తినగలరా, జడ వేసుకోగలరా, గుండీలు పెట్టుకోగలరా... చెయ్యికి సంబంధించి చూసేవి ఇవి. మంచి ప్రశ్నలే. కానీ పోలియో వచ్చిన కాలు పొద్దున ఎలా ఉంటుందో సాయంత్రమూ అలాగే ఉంటుంది. పూట పూటకీ మారే జబ్బుని ఒక్క పూట చూసి శాతం కడితే ఎలా? మా ఆఫీసులో సర్వర్ రోజూ తెల్లవారుజామున పడిపోతుంటే, మధ్యాహ్నం ఒకసారి చూసి "బాగానే ఉంది" అని టికెట్ మూసేసేవాణ్ణి రెండోరోజే పీకేస్తారు. అన్నట్టు, సదరం అనే పేరులో మొదటి అక్షరం ఇంగ్లీషులో 'సాఫ్ట్‌వేర్' అనే మాటది. మా కులంవాడే!

1995 చట్టంలో వైకల్యాలు ఏడే. 2016 చట్టం వాటిని 21 చేసింది. తలసేమియా, హీమోఫీలియా, పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్ చేరాయి. మంచి పని. కీళ్ళవాతానికి విడిగా పేరు లేదు, కాళ్ళూ చేతుల కదలికల లెక్కలోంచే రావాలి. ఇక రాష్ట్రంలో 2024లో వికలాంగుల పింఛను 3,000 నుంచి 6,000 అయింది. సంతోషమే. కానీ 39 శాతానికి సున్నా, 40కి ఆరు వేలు. మధ్యలో మెట్టే లేదు, గోడ. ఆదాయపు పన్నులో ఇచ్చే 75,000 మినహాయింపుకీ (పాత పన్ను విధానంలో ఉంటేనే) ఇదే నలభై.

దొంగ సర్టిఫికెట్లు లేవా అంటారు. ఉన్నాయి, మా ఊళ్ళోనూ ఉన్నాయి. 2025లో ప్రభుత్వం మళ్ళీ పరీక్షలు పెట్టించింది అందుకే. ఆ ఆగస్టులో నోటీసులు వచ్చినప్పుడు లేవలేనివాళ్ళు కూడా కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగారు. దొంగ ఎలాగూ ఎవరినో పట్టుకుని పని చేయించుకుంటాడు. పరుగెత్తాల్సి వచ్చేది పరుగెత్తలేనివాడే.

ఇప్పుడు రెండో కథ. పెద్దమ్మకి ఎన్టీఆర్ వైద్యసేవ ఉంది (అదే, 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైంది). ఆస్పత్రిలో చేరితే ఆదుకుంటుంది, కాదనను. కానీ ఈ జబ్బు ఖర్చంతా నెలనెలా మాత్రలు, రక్తపరీక్షలు. అవి మా జేబులోంచే. అవసరమైతే చెన్నైలో చూపించడానికి పనికొస్తుందని ప్రైవేటు పాలసీకి కూడా ప్రయత్నించాం. నా కంపెనీ పాలసీలో పెద్దమ్మని చేర్చడానికి కుదరదు. ఒక కంపెనీ ఫారం చూసి వద్దంది. ఇంకో కంపెనీ ఏజెంటు మెల్లగా, "కీళ్ళవాతం సంగతి రాయకండి సార్, ఎవరు చూస్తారు" అన్నాడు.

రాశాం. మీరూ రాయండి. ముందునుంచీ ఉన్న జబ్బుకి ఎదురుచూసే గడువు 2024 ఏప్రిల్ నుంచి నాలుగేళ్ళు కాదు, గరిష్ఠంగా మూడేళ్ళే. అయిదేళ్ళు ఆపకుండా కట్టాక మోసం నిరూపిస్తే తప్ప "దాచావు" అని క్లెయిము తోసిపుచ్చడానికి లేదు. కానీ దాచినట్టు తేలేది ఎప్పుడు? మనం స్ట్రెచర్ మీద ఉన్నప్పుడు. ఆ ఏజెంటు అప్పుడు ఫోన్ ఎత్తడు.

చివరికి ఆ రెండో కంపెనీయే ప్రీమియం పెంచి, మూడేళ్ళ గడువుతో ఇచ్చింది. ఆ మూడేళ్ళూ కీళ్ళవాతం తప్ప మిగతా జబ్బులకే. అంటే బీమా కాగితం మీద పెద్దమ్మ రోగిష్టి, సదరం కాగితం మీద ఆరోగ్యవంతురాలి లెక్క!

నాకు కావలసింది పెద్ద సంస్కరణలేం కాదు. వచ్చీపోయే జబ్బులకి ఆ ఒక్క పూటతో పాటు ఏడాది పాటు చూసిన డాక్టరు చీటీలకి కూడా విలువ ఇవ్వాలి. నలభై దగ్గర గోడకి బదులు రెండు మూడు మెట్లు కట్టాలి, ముప్పైకి రెండు వేలో ఎంతో. ప్రోగ్రాములో మార్చడం ఒక పూట పని, నేను చెప్తున్నాను కదా!

2016 చట్టంలో 59వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. శాతం తక్కువ వచ్చినవాళ్ళలో చాలామందికి ఆ సంగతే తెలియదు. మేం పెట్టాం. మూడేళ్ళ మందుల చీటీలు, ఎక్స్‌రేలు, తెల్లవారుజామున మా అన్న ఫోన్లో తీసిన వీడియోలు జతచేశాం. వీడియోలో పెద్దమ్మ రెండు చేతులతో కొళాయి తిప్పడానికి చూస్తుంటుంది, అది తిరగదు. వాటిని చూస్తారో లేదో తెలీదు. తేదీ ఇంకా రాలేదు.