మసిబారిన గిన్నె చెప్పే మాట

పిల్లలూ! వంటింట్లో గ్యాసు కారుతోందో లేదో ఎలా తెలుసుకుంటారు? ఈ ప్రశ్న మా తొమ్మిదో తరగతిలో వేస్తే చేతులన్నీ ఒక్కసారి లేస్తాయి. "వాసన చూసి సార్!" అంటారు. జవాబు సరైనదే. వంటగ్యాసుకు తనంతట తానుగా చెప్పుకోదగ్గ వాసన లేదు. కారితే మనకు తెలియాలని మెర్‌కాప్టాన్ అనే కంపుకొట్టే పదార్థాన్ని దానిలో కొద్దిగా కలుపుతారు.

"అయితే వాసన రాకపోతే వంటిల్లు క్షేమమేనా?" అని రెండో ప్రశ్న వేస్తాను. "క్షేమమే సార్!" అని మళ్ళీ అందరూ అంటారు. ఈ జవాబు తప్పు. ఆ తప్పు నేనూ చేశాను కాబట్టే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మేముండేది హైదరాబాదు పాతబస్తీలో, శాలిబండ దగ్గర ఒక సందులో. ఇళ్ళు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. ఒకప్పుడు ఒక కుటుంబం ఉన్న ఇంటిని భాగాలు చేసి నాలుగు కుటుంబాలకు అద్దెకిస్తారు. వరండాకు గోడ కడితే ఒకరికి వంటిల్లు అయిపోతుంది. దానికి కిటికీ ఉండదు. పైన జానెడు వెంటిలేటర్ ఉంటే అదృష్టమే. మా వంటిల్లూ అలాంటిదే. ఒక చలికాలం దోమలు వస్తున్నాయని ఆ వెంటిలేటర్‌కు నా చేతులతో నేనే అట్టముక్క కొట్టాను.

ఆ నెలలోనే మా అక్క ఊరి నుంచి వచ్చి మా ఇంట్లో ఉంది. తెల్లవారుజామున అందరికీ నీళ్ళు కాచడం, వంట చేయడం ఆమే చూసుకునేది. పది రోజులకు, "తమ్మీ, గిన్నెల అడుగులన్నీ నల్లగైతున్నయ్, ఎంత తోమినా పోతలేదు" అంది. "పాత బర్నరు కదా, తర్వాత చూద్దాం" అన్నాను. ఇంకొన్నాళ్ళకు పొద్దున పూట తలనొప్పి, కడుపులో తిప్పడం అంది. పైత్యమని నిమ్మకాయ నీళ్ళిచ్చాం. బజారుకు వెళ్ళి వచ్చేసరికి నొప్పి తగ్గేది. సాయంత్రం పొయ్యి దగ్గర నిలబడితే మళ్ళీ మొదలయ్యేది. ఒకనాడు పొయ్యి ముందే కూలబడిపోయింది. వాకిట్లో గాలికి కూర్చోబెడితే కొంతసేపటికి తేరుకుంది.

ఆ రోజు పదో తరగతికి నేను చెప్పవలసిన పాఠం కార్బన్, దాని సమ్మేళనాలు. గిన్నె అడుగు నల్లబడితే ఇంధనం సరిగా మండటం లేదని గుర్తు, అని బోర్డు మీద రాశాను. రాసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఏటేటా చెప్పే ఈ మాటనే మా అక్క నాకు చెప్పింది. నేను వినలేదు.

ఆమె రక్తపరీక్ష చేయించలేదు కనుక అది కార్బన్ మోనాక్సైడ్ పనేనని రుజువు చూపలేను. కాని అట్టముక్క పీకేసి, బర్నరు శుభ్రం చేయించాక గిన్నెలూ నల్లబడలేదు, అక్కకు తలనొప్పీ రాలేదు.

ఇంతకీ లోపల జరిగేదేమిటి? మన వంటగ్యాసులో ముఖ్యంగా ప్రొపేన్, బ్యూటేన్ ఉంటాయి. ఒక లీటరు ప్రొపేన్ పూర్తిగా మండాలంటే 5 లీటర్ల ఆక్సిజన్ కావాలి. గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతమే కాబట్టి అందుకు దాదాపు 24 లీటర్ల గాలి ఖర్చవుతుంది. బ్యూటేన్‌కు ఇంకా ఎక్కువ, 31 లీటర్ల దాకా కావాలి. గాలి చాలినంత ఉంటే కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి వస్తాయి. చాలకపోతే కొంత కార్బన్ మసిగా మిగులుతుంది, కొంత ఒక్క ఆక్సిజన్ పరమాణువుతోనే సరిపెట్టుకుని కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. మసి కంటికి కనబడుతుంది. రంగూ వాసనా లేని ఈ వాయువు కనబడదు.

మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్‌తో కంటే ఈ వాయువుతో రెండు వందల రెట్లకు పైగా పొత్తు ఎక్కువ. బస్సులో మన సీటు మరొకరు ఆక్రమించుకుని దిగకుండా కూర్చున్నట్టు అది హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. మామూలు గాలి పీలిస్తే అందులో సగం వదలడానికే నాలుగైదు గంటలు పడుతుంది. జె.ఎస్. హాల్డేన్ అనే శాస్త్రజ్ఞుడు ఈ వాయువును తానే పీల్చి, తన శరీరంలో కలిగే మార్పులను గమనించి 1895లో ప్రకటించాడు. గనుల్లోకి చిన్న పక్షులను తీసుకెళ్ళే పద్ధతి ఆయన సలహాతోనే వచ్చింది. మనిషి కంటే ముందు పక్షి సొమ్మసిల్లితే, గనిలోని వారు బయటపడేవారు.

కరోనా కాలంలో చాలా ఇళ్ళవాళ్ళు వేలికి తగిలించే ఆక్సీమీటర్లు కొన్నారు. దాన్ని నమ్ముకుందామా? వద్దు. కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌ను కూడా ఆ పరికరం ఆక్సిజన్ ఉన్నట్టే లెక్కవేస్తుంది. మనిషి స్పృహ తప్పుతున్నా అంకె బాగానే కనిపించవచ్చు.

2018 జూలై 12న మన తాడిపత్రి దగ్గర ఒక ఉక్కు కర్మాగారంలో ఈ వాయువు వెలువడి ఆరుగురు కార్మికులు చనిపోయారు. అది కర్మాగారం సంగతి అనుకోవద్దు. 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌కు విహారానికి వెళ్ళిన కేరళవాసులు ఎనిమిది మంది చలికి గ్యాస్ హీటర్ పెట్టుకుని, తలుపులు మూసుకుని పడుకున్నారు. తెల్లవారి స్పృహ లేకుండా కనిపించారు. ఒక్కరూ బ్రతకలేదు. వారిలో నలుగురు పిల్లలు.

ఇక నా అభిప్రాయం చెబుతాను. మన పాఠాలలో మసిగిన్నె ఒకచోట వస్తుంది. అక్కడ ఇంధనం వృథా అని చెప్పి ఊరుకుంటాం. కార్బన్ మోనాక్సైడ్ మరొకచోట వస్తుంది. అక్కడ మూసిన గదిలో బొగ్గు కాల్చవద్దని చెప్పి ఊరుకుంటాం. లాడ్ బజారులో లక్కగాజులవారి బొగ్గుల కుంపటి మీకు తెలుసు కనుక బొగ్గంటే భయం వెంటనే అర్థమవుతుంది. గ్యాసు మాత్రం శుభ్రమైనదని నమ్మకం. కట్టెల పొగతో పోలిస్తే అది నిజంగా మేలైనదే. కాని గాలి లేనిచోట గ్యాసైనా బొగ్గైనా ఇచ్చే విషం ఒకటే. ఈ రెండు పాఠాలనూ కలిపి చెప్పకపోవడం మా ఉపాధ్యాయుల లోపం. వెంటిలేటర్ లేని గదిని వంటిల్లని అద్దెకివ్వడం ఇంటివారి లోపం. తలనొప్పి అన్న ఆడవారి మాటను పైత్యమని తీసిపారేయడం మనందరి లోపం. పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడేది వాళ్ళే. ముందు తెలిసేదీ వాళ్ళకే.

"దోమలు రావా సార్?" అని అడుగుతారు. వస్తాయి. వెంటిలేటర్‌కు సన్నని జాలీ కొట్టండి. దోమ ఆగుతుంది, గాలి ఆగదు. జాలీకి పట్టిన జిడ్డును మాత్రం అప్పుడప్పుడు తుడవాలి.

ఈ సాయంత్రం మీరు చేయవలసిన పని ఒకటుంది. వంటింటికి వెళ్ళి మంటను చూడండి. నీలంగా, నిలకడగా ఉండాలి. ఉప్పు పడితే క్షణంసేపు పసుపుపచ్చగా మెరుస్తుంది, దానికి భయం లేదు. పసుపు మంట అలాగే ఉంటే, గిన్నె మసిబారితే బర్నరును మెకానిక్‌కు చూపించమని పెద్దలకు చెప్పండి. నీలిమంటే కదా అని కిటికీలు మూయవద్దు. మూసిన గదిలో నీలిమంట కూడా గాలిని తినేస్తుంది. స్నానాల గదిలో గ్యాస్ గీజరు ఉంటే దాన్ని గాలి ఆడే చోటికి మార్పించండి. మార్పించేదాకా, తలుపు తీసి ఉంచి బకెట్లు నింపుకుని, గీజరు ఆపాకే స్నానానికి వెళ్ళాలి.

ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వాంతి, నీరసం వచ్చి, జ్వరం లేకపోతే, బయటికి రాగానే తగ్గితే ముందు పొయ్యినే అనుమానించండి. అందరూ బయటికి రండి. వస్తూ వస్తూ వీలైతే పొయ్యి ఆపి తలుపులు తెరవండి. ఎవరైనా సొమ్మసిల్లితే 108కి ఫోను చేయండి. ఆసుపత్రిలో ఇచ్చే ఆక్సిజన్ ఈ విషానికి విరుగుడు.

మా వెంటిలేటర్‌కు ఇప్పుడు జాలీ ఉంది. అక్క మా ఇంటికి వచ్చినప్పుడల్లా ముందు దానివైపు చూసి, తరువాత నావైపు చూస్తుంది. ఏమీ అనదు. మీ వంటింట్లో ఎవరైనా గిన్నె చూపించి ఏదైనా అంటే, మీరు నాలా కాకుండా మొదటిసారే వినండి.