గ్రోసరీ ఖాతా బంద్ పెట్టండి

అన్నలూ తమ్ముళ్ళూ, దుబాయిల జీతం రాంగనే చాలావరకు క్యాంపు పక్క గ్రోసరీ ఖాతాకే పోతున్నది. మా రూమ్‌ల కూడా అదే కథ ఉండె. ఖాతా అంటే ధర అడగబుద్ధి కాదు, పెప్సీ, సిగరెట్ అన్నీ అందులనే. ఇప్పుడు ఆరుగురం ముందే తలా కొంత వేసుకొని, సెలవు రోజు అవీర్ మార్కెట్ల ఉల్లిగడ్డ, టమాట పెట్టెల లెక్కన తెస్తున్నం. వంట వంతులవారీగా. (ఒకాయన వంతు వస్తే అన్నం జావే!)

కానీ పైసలు మిగలాలని ఖుబూస్, తొక్కు మీదనే నెల గడిపేటోళ్ళను సైట్ మీద చూస్తున్నం. అది తప్పు. పోయిన ఎండకాలం ఒక తమ్ముడు కండ్లు తిరిగి కూలబడ్డడు. పొద్దున ఏం తిన్నవురా అంటే, చాయ్ అన్నడు. ఆ రోజు నుంచి మా లిస్టుల ముందు రాసేది పప్పు, గుడ్లు. మిగతావి తర్వాత.