కోనసీమ: రక్తం మాది.. ప్రశ్న ఎవరిది? హెల్త్ రీసెర్చ్‌లో జనం మాటకు విలువెంత?

ఊళ్లోకి సర్వే టీమ్ వస్తుంది. బీపీ చూస్తారు, రక్తం తీస్తారు, బోలెడు ప్రశ్నలు అడుగుతారు. వెళ్లిపోతారు. ఆ తర్వాత ఏమైందో చాలామందికి తెలీదు. ఈ పద్ధతి మారాలన్న ఆలోచనే 'కో-క్రియేషన్'. అంటే దేనిపై రీసెర్చ్ చేయాలి, ఎలా చేయాలి, వచ్చిన ఫలితంతో ఏం చేయాలి అన్నది పరిశోధకులు, జనం కలిసి తేల్చుకోవడం. మరి ఇది ఎందుకింత కష్టం?

గోదావరి జిల్లాల్లో ఏం జరిగింది?

2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 'ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్' స్టడీ జరిగింది. ఆరోగ్య కార్యకర్తలు చనిపోయినవారి ఇళ్లకు వెళ్లి, చివరి రోజుల్లో కనిపించిన లక్షణాలు అడిగి తెలుసుకున్నారు. 1,354 మరణాల్లో దాదాపు 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే అని తేలింది. పల్లెల్లో అంటువ్యాధులే పెద్ద సమస్య అనుకునేవాళ్లకు ఇది షాక్. అంత విలువైన సమాచారం ఇచ్చింది ఆ కుటుంబాలే. కానీ సమాచారం ఇవ్వడం వేరు, నిర్ణయంలో భాగం కావడం వేరు.

ఖమ్మం నేర్పిన పాఠం

అడగకుండా చేస్తే ఏమవుతుందో 2009లో ఖమ్మం జిల్లాలో చూశాం. పాత్ సంస్థ చేపట్టిన హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టును 2010లో కేంద్రం ఆపేయించింది. 9,543 అంగీకార పత్రాల్లో 2,763 పత్రాలపై సంతకాలు పెట్టింది హాస్టల్ వార్డెన్లు! 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుబట్టింది.

కోనసీమలో చిక్కులేంటి?

కూలి: అమలాపురంలో పగలు 11 గంటలకు మీటింగ్ అంటే కొబ్బరి దింపు కార్మికుడికి, రొయ్యల చెరువు కూలీకి ఆ రోజు పని పోయినట్టే. లంక గ్రామాల వాళ్లయితే ముందు ఏరు దాటాలి.

గొంతు: మీటింగ్‌లో పెద్దమనుషులే మాట్లాడితే అది ఊరి మాట అవుతుందా? పేటలో వాళ్లు, ఆడవాళ్లు అందరి ముందూ నోరు విప్పగలరా? విడివిడిగా కూర్చోబెట్టాల్సిందే.

డబ్బు: నిధుల కోసం రాసే ప్రపోజల్‌లోనే అంశం, గడువు ఫిక్స్ అయిపోతాయి. జనం దగ్గరకొచ్చేసరికి మార్చడానికి పెద్దగా ఏమీ మిగలదు.

ఆశా కార్యకర్త: పైనుంచి టార్గెట్, కింద చుట్టుపక్కల వాళ్ల కోపం. రెండూ ఆమెకే.

అన్నీ జనమే నిర్ణయించాలా?

అక్కర్లేదు. బోదకాలు సర్వేనే తీసుకోండి. ఆ సూక్ష్మక్రిములు రక్తంలో రాత్రిపూటే ఎక్కువగా కనిపిస్తాయి. అందుకే రాత్రి 8 దాటాక వచ్చి వేలి నుంచి రక్తం తీస్తారు. ఆ టైమ్ సైన్స్ చెప్పింది, ఓటేసి మార్చలేం. కానీ ఏ రోజు రావాలి, ఆడవాళ్లున్న ఇంటికి ఎవరు వెళ్లాలి, ఫలితం ఎవరికి ఎలా చెప్పాలి? ఇవి ఊరివాళ్లకే బాగా తెలుసు. ఏది మార్చగలం, ఏది మార్చలేం అన్నది ముందే చెప్పేస్తే సగం అనుమానాలు పోతాయి.

ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు కూడా పరిశోధనలో జనాన్ని భాగం చేయాలనే చెబుతున్నాయి. అమలే అసలు పరీక్ష.

ఈసారి మీ ఇంటికి సర్వే టీమ్ వస్తే మూడు ప్రశ్నలు అడగండి. ఈ ప్రశ్నలు ఎవరు తయారుచేశారు? ఫలితం మాకు ఎప్పుడు చెబుతారు? వద్దంటే మా వైద్యం ఆగుతుందా? జవాబు సూటిగా వస్తేనే చెయ్యి చాపండి.