కోత తగ్గింది, కాపలా పెరిగింది

వైద్యం మా వృత్తి కాదు. తెలుగు పాఠాలు చెప్పుకొనే మేము గుండె కవాటాలను గురించి వ్రాయబూనడం కొందరికి వింతగా తోచవచ్చు. కాని మన విద్యార్థినులలో కొందరు ఇక్కడ చదువు ముగించి నర్సింగు శిక్షణకు వెళుతున్నారు. రేపు వారు నిలబడబోయే పడక ప్రక్కన ఏమి మారిందో తెలుసుకోవడం మనకూ అవసరమేనని మేము భావిస్తున్నాము.

వయసు మీరిన కొందరిలో బృహద్ధమని కవాటం మీద కాల్షియం పేరుకొని, అది బిగుసుకుపోతుంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం, కళ్ళు తిరగడం. పూర్వం కవాటం మార్చాలంటే రొమ్ము ఎముకను కోసి, గుండెను ఆపి, రక్తప్రసారాన్ని యంత్రానికి అప్పగించవలసిందే. 2002 ఏప్రిల్ 16న ఫ్రాన్సులోని రువాన్ నగరంలో డాక్టర్ అలేన్ క్రిబియే, మడిచిన కవాటాన్ని రక్తనాళం గుండా పంపి, కొట్టుకొంటున్న గుండెలోనే అమర్చారు. నేడు టావి అని పిలిచే ఈ పద్ధతిలో ఎక్కువగా తొడ మొదటి ధమనినే దారిగా ఎంచుకొంటున్నారు. శస్త్రచికిత్సే తగిన రోగులు ఇప్పటికీ ఉన్నారు. అది వైద్యులు తేల్చవలసిన మాట.

రోగి త్వరగా లేచి నడుస్తాడు. చూడవచ్చిన బంధువులు “కోత లేదు గనుక భయం లేదు” అనుకొంటారు. పొరపాటు ఇక్కడే ఉంది. గుండె లయను నడిపే విద్యుత్ మార్గం ఈ కవాటానికి అతి సమీపంగా పోతుంది. కొత్త కవాటం దానిని ఒత్తితే లయ మందగించవచ్చు. కొందరికి పేస్‌మేకరు పెట్టవలసి వస్తుంది. ఒక్కొక్కప్పుడు ఈ సంగతి ఒకటి రెండు రోజుల తరువాత వార్డులో బయటపడుతుంది. తొడ దగ్గర పైకి ఏమీ కనిపించకపోయినా రక్తం లోలోపల స్రవించవచ్చు. నడుము నొప్పి, పడిపోయే రక్తపోటు దాని జాడలు. ఏదైనా తునక మెదడుకు చేరితే మాట తడబడుతుంది, మూతి వంకరపోతుంది.

వీటిని తరచుగా ముందు చూసేది రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు. ఇన్ని నిమిషాలకొకసారి చూడమని చీటీ అంటిస్తే చాలదు, ఎందుకు చూడాలో చెప్పాలి. కారణం తెలిసిన నర్సు మానిటరు మీద చిన్న మార్పుకే వైద్యుని నిద్రలేపుతుంది. తెలియని నర్సు తెల్లవారేదాకా సంకోచిస్తుంది. ఆ శిక్షణ కూడా డ్యూటీ వేళలోనే, జీతంలో భాగంగానే జరగాలి. రోజంతా నిలబడిన మనిషికి సాయంత్రం ఉపన్యాసం వినిపిస్తే ఆమె తలకు ఏమెక్కుతుంది?

భాషాధ్యాపకులుగా మాకు తోచినది ఇంకొకటి. మాట తడబడిందని గ్రహించాలంటే ఆ మనిషి మాట అంతకుముందు ఎలా ఉండేదో తెలియాలి. ఉర్దూ తప్ప రాని వృద్ధురాలి తడబాటు, తెలుగు మాత్రమే తెలిసిన నర్సు చెవికి అందేదెలా?

అంతకు ముందే, సంతకం వేళకు మరొక ప్రశ్న వస్తుంది. కొన్ని కవాటాలను ఆవు హృదయావరణపు పొరతో, కొన్నింటిని పంది పొరతో తయారుచేస్తారు. హిందువుల ఇళ్ళలోనూ ముస్లిముల ఇళ్ళలోనూ ఈ సంగతి అడగక మానరు. వైద్యుని అడగడానికి జంకి నర్సునే అడుగుతారు. ఆమె ఉన్నదున్నట్లు చెప్పగలగాలి, వైద్యునితో మాట్లాడించాలి. నిర్ణయం మాత్రం రోగిదే.

కళాశాల కమిటీవారికి మా మనవి ఒక్కటే. సైన్సు విద్యార్థినులకు వారానికి ఒక గంట, ఉర్దూవారికి తెలుగూ తెలుగువారికి ఉర్దూ, సంభాషణ మట్టుకైనా నేర్పే ఏర్పాటు చేయండి. తెలుగు గంటను మేము తీసుకొంటాము.